బిరడ తిప్పితే పోయేది

మొన్న పొద్దున పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో, అడుగున, ఒక సింగిల్ కాలమ్ వార్త కనబడింది. ‘తిరునాళ్లలో అపశ్రుతి’. ప్రభ ఊరేగుతుంటే పైన కరెంటు తీగ తగిలి ఒక కుర్రాడు పోయాడు. నాలుగే వాక్యాలు. చివరిది ఎప్పుడూ ఉండేదే, ‘కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’.

ఆ హెడ్డింగు పెట్టిన సబ్ ఎడిటరెవరో నాకు తెలియదు గానీ ఆ చెయ్యి మాత్రం తెలుసు. పాతికేళ్లు నేను చేసిన పని అదే. అర్ధరాత్రి లోపల పేజీ వదలాలి, ఇన్‌ఛార్జి వెనక నిలబడి గడియారం చూస్తుంటాడు, కాలమ్ వెడల్పులో ఇమిడే మాట కావాలి. అలాంటప్పుడు చేతికి ముందుగా తగిలేది ‘అపశ్రుతి’. నాలుగక్షరాలు. పెళ్లి ఊరేగింపులో అపశ్రుతి, నిమజ్జనంలో అపశ్రుతి, జాతరలో అపశ్రుతి, విహారయాత్రలో అపశ్రుతి. ముందు మాట మార్చుకుంటూ పోవడమే. సంతోషంగా ఉండాల్సిన చోట ఘోరం జరిగిందని చెప్పడానికి మన పత్రికలు పోసి పెట్టుకున్న అచ్చు అది.

నేనూ ఆ అచ్చుతో బోలెడు పోశాను. ఒకసారి మాత్రం మా సంగీతం మాస్టారి చేతికి చిక్కాను. ఆ సంగతి చెప్పాలంటే నా గొంతు పోయిన దగ్గర్నుంచి చెప్పాలి.

నన్ను ఎనిమిదో ఏట సంగీతంలో వేశారు. నా మీద ఆశతో కాదు, అక్క ఒక్కతే అంత దూరం నడిచి వెళ్లకూడదని తోడు పంపారు. ఊరికే కూర్చోవడం ఎందుకని మాస్టారు నాకూ సరళీ స్వరాలు మొదలుపెట్టారు. అక్క వర్ణాల్లోకి వెళ్లేసరికి నేను గీతాలు పాడుతున్నాను. గొంతు బాగుందన్న పేరు కూడా వచ్చింది. ఐదు శ్రుతిలో పాడేవాణ్ణి.

ఈ ఐదు, ఆరు అనేది హార్మోనియం మెట్ల లెక్క. తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు దాకా. నల్లవి అరలు. ఒకటికీ రెండుకీ మధ్య ఉన్నది ఒకటిన్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అన్నది లోకంలోనే లేదు. కొత్తగా చేరిన పిల్లల్ని ‘నీది మూడున్నర శ్రుతి, పెట్టుకో’ అని ఏడిపించేవాళ్లం. పాపం శ్రుతిపెట్టె ముందు కూర్చుని వెతుక్కునేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు సాధారణంగా ఐదు, ఐదున్నర, ఆరు చుట్టుపక్కల పాడతారు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర, రెండు. మన సంగీతంలో ఇదే షడ్జమం అని గోడకు మేకు కొట్టి పెట్టినట్టు ఉండదు. ఎవరి గొంతుకు ఎక్కడ కుదిరితే అక్కడ వాళ్ల ‘స’. కానీ ఒకసారి అక్కడ కూర్చున్నాక కచేరీ అయ్యేదాకా కదలకూడదు. వయొలిన్ అక్కడికి రావాలి, మృదంగం అక్కడికి రావాలి. ఘటం కాల్చిన మట్టి కాబట్టి పెద్దగా ఎక్కదు, దిగదు. అందుకే ఘటం వాయించేవాళ్ల దగ్గర వేర్వేరు శ్రుతుల ఘటాలు ఉంటాయి. మృదంగం వాళ్లు చిన్న రాయి, కర్రముక్క పట్టుకుని మూత అంచు మీద టకటకా కొట్టి సరిచేసుకుంటారు. మా మావయ్య మమ్మల్ని నాలుగు తగిలించాలనుకున్నప్పుడు ‘వీళ్లకి కాస్త శ్రుతి చెయ్యాలి’ అనేవాడు. అది మృదంగం నుంచి వచ్చిన మాటే అయ్యుంటుంది. తంబురాను చూసినవాడు అలా అనడు.

1978 వేసవి సెలవుల్లో నా గొంతు పగిలింది. పొద్దున ‘ప’ దాకా బాగానే వెళ్లి, పై షడ్జమం దగ్గర పిల్లి తోక తొక్కినట్టు ఒక అరుపు వచ్చింది. ఆడపిల్లలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

“కొన్నాళ్లు పాడకు. గొంతు కుదురుకోవాలి. అందాకా తంబురా పట్టు,” అన్నారు.

ఆ ‘అందాకా’ రెండేళ్లు నడిచింది.

మాస్టారి తంబురా పనసకర్రది. నిలబెడితే దాదాపు నా ఎత్తు ఉండేది. నాలుగు తీగలు. మొదటిది పంచమం, అంటే ‘ప’. తర్వాత రెండూ సారణి, అనుసారణి, ఒకే స్థాయి షడ్జమాలు. చివరిది లావుపాటి ఇత్తడి తీగ, మంద్రం, అంటే కింది స్థాయి షడ్జమం. పంచమాన్ని మధ్యవేలితో, మిగతా మూడింటినీ చూపుడువేలితో, ఒకదాని తర్వాత ఒకటి మీటుతూ పోవాలి. మెట్లుండవు, నొక్కేది లేదు, తాళం కూడా వెయ్యక్కర్లేదు. చూసేవాళ్లకు గేదెను కాయడం కంటే తేలిక పని. పదమూడేళ్ల కుర్రాడికి మాత్రం నరకం. అందరూ పాడుతుంటే వెనక గోడకానుకుని, నోరు మూసుకుని, గంటన్నర అదే నాలుగు మీటులు.

మీటడం కంటే ముందు శ్రుతి చెయ్యడం ఉంది. పెద్ద తేడా అయితే పైన తీగ చుట్టుకున్న బిరడ తిప్పాలి. చిన్న తేడాకు కింద తీగలకు గుచ్చిన పూసలున్నాయి, వెంట్రుకవాసి జరిపితే చాలు. ఇవి రెండూ కుదిరాక, తీగలు ఆనుకునే గుర్రం మీద, తీగ కింద, ఒక నూలు పోగు ఉంటుంది. అది సరైన చోట పడితే తీగ ఝుమ్మని చాలాసేపు పలుకుతుంది. కాస్త పక్కకు జరిగిందంటే మూతికి గుడ్డ కట్టినట్టు టప్పుమని ఆగిపోతుంది. ఆ పోగు పేరు ‘జీవ’. ఇంత వాయిద్యంలో జీవం అనే పేరు కర్రకు ఇవ్వలేదు, తీగకు ఇవ్వలేదు, రెండు పైసలు చెయ్యని దారానికి ఇచ్చారు.

సారణి, అనుసారణి కలపడం నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. రెండు తీగలూ దూరంగా ఉన్నంతసేపు రెండు శబ్దాలు. దగ్గరపడే కొద్దీ మధ్యలో ఒక అల మొదలవుతుంది. ఊఁవ్ ఊఁవ్ అని, పెరుగుతూ తగ్గుతూ. ఇంకా దగ్గరికి తెస్తే అల నిదానిస్తుంది. పూర్తిగా ఆగిపోయిందంటే రెండూ కలిసినట్టు. తర్వాత ఇంటర్ ఫిజిక్సులో ‘విస్పందనాలు’ అని పాఠం వచ్చింది. ఒకటి సెకనుకు 200 సార్లు, ఇంకొకటి 203 సార్లు కంపిస్తే సెకనుకు 3 విస్పందనాలు. క్లాసంతా సూత్రం బట్టీ పడుతుంటే నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఆ మూడు అలల్ని సున్నా చెయ్యడానికి నేను ఎన్ని పొద్దుటి పూటలు తగలేశానో లెక్చరరుకేం తెలుసు.

శ్రుతి చేశాక మాస్టారు రోజూ ఒకటే అడిగేవారు.

“గాంధారం వినబడిందా?”

ఉన్నవి మూడు షడ్జమాలు, ఒక పంచమం. గాంధారం, అంటే ‘గ’, ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన చెప్పేవారు: మంద్రం తీగ ఒక్క స్వరమే పలకదు, దాని రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు, ఐదు రెట్లు కూడా సన్నగా పలుకుతుంటాయి. ఆ ఐదో రెట్టే అంతర గాంధారం. తంబురా బాగా కలిస్తే, జీవ బాగా పడితే, ఎవరూ మీటకుండానే అది పైకి తేలుతుంది. స్వయంభూ గాంధారం అంటారట. అర్థమైంది గానీ నాకు వినబడలేదు. లేదంటే మళ్లీ మొదటి నుంచి కలపమంటారు, బడికి ఆలస్యమవుతుంది. అందుకని ‘వినబడింది మాస్టారూ’ అనేవాణ్ణి. నెలల తరబడి అన్నాను.

ఒకరోజు మాస్టారే తంబురా తీసుకుని, తిప్పి చూసి, నా చేతికిచ్చి మీటమన్నారు. మీటాను.

“గాంధారం?”

“వినబడింది మాస్టారూ.”

“అనుసారణి విడిగా మీటు.”

మీటాను. అది షడ్జమానికి ఎక్కడో కింద, నిషాదం దగ్గర వేలాడుతోంది. ఆయనే దింపి ఇచ్చారు. క్లాసంతా గొల్లుమంది. అక్క ఇంటికెళ్లి అమ్మకు చెప్పింది, అమ్మ నాన్నకు చెప్పింది. వారం రోజులు ఇంట్లో ఎవరేం అడిగినా ‘వినబడింది మాస్టారూ’ అనేవాళ్లు.

నిజంగా వినబడిన రోజు కూడా గుర్తుంది. చలికాలం, తెల్లవారుజామున కరెంటు లేదు. మాస్టారు పెరట్లో ఉన్నారు, పిల్లలింకా రాలేదు. చీకట్లో కూర్చుని మీటుతుంటే పక్క గదిలో ఎవరో సన్నగా పాడుతున్నట్టు అనిపించింది. ఎవరా అని తంబురా పక్కన పెట్టి లేచాను. ఆగిపోయింది. మళ్లీ కూర్చుని మీటాను. మళ్లీ వచ్చింది. ఒళ్లు ఝల్లుమంది. మాస్టారు వచ్చాక చెప్తే మెచ్చుకోలేదు. “రేపట్నుంచి శ్రుతి నువ్వే చెయ్యి, నేను చూడను,” అన్నారు. నాకు వచ్చిన ఒకే ఒక్క బిరుదు అది.

గొంతు తర్వాత ఒకటిన్నరలో కుదురుకుంది గానీ పాత గొంతు రాలేదు. ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం. పాట అక్కడితో సరి.

మాస్టారు మాటల మనిషి కూడా. ‘శ్రుతిర్మాతా లయః పితా’ అన్నదాన్ని మాకు ఇలా చెప్పేవారు: తాళం తప్పితే నాన్న, అక్కడికక్కడే తంతాడు. శ్రుతి తప్పితే అమ్మ, ఏమీ అనదు, లోపల కుమిలిపోతుంది. అందుకే తాళం తప్పినవాడికి తెలుస్తుంది, శ్రుతి తప్పినవాడికి తెలియదు.

శ్రుతి అంటేనే వినడం. ‘శ్రు’ ధాతువు. శ్రోత, శ్రవణం ఆ ఇంటి పిల్లలే. వేదాన్ని శ్రుతి అనడం కూడా చెవితో విని నేర్చుకున్నది కాబట్టే. రోగి పక్కన కూర్చుని చేసే శుశ్రూష కూడా అందులోంచి వచ్చిందే, దాని మొదటి అర్థం వినాలన్న కోరిక. ఇది నేను డెస్కులో చేరాక నిఘంటువులో చూసి ఆశ్చర్యపోయి మాస్టారికి చెప్తే, ‘మరి నువ్వు రెండేళ్లు చేసిందేమిటి?’ అన్నారు. శ్రుతికి క్రావడి, కొమ్ము పెట్టాలి. వట్రసుడి పెట్టి ‘శృతి’ అని రాస్తే ధాతువే పోతుంది. నేను దిద్దినన్నాళ్లు దిద్దాను. ఇప్పుడు వట్రసుడి గెలిచినట్టే ఉంది.

శ్రుతులు, అంటే చెవికి తెలిసే చిన్న చిన్న స్వరభేదాలు, 22 అని పుస్తకాల్లో ఉంటుంది గదా, మేం పాడే స్వరస్థానాలేమో 12. అదెలా అని అక్క ఒకసారి అడిగింది. మాస్టారు భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్న రెండు వీణల సంగతి చెప్పారు. రెండింటినీ ఒకేలా శ్రుతి చేస్తారు. ఒకదాన్ని ముట్టుకోరు. రెండోదాన్ని కొంచెం కొంచెంగా దించుకుంటూ వస్తారు. కదలనిదాంతో పోల్చి చూస్తే దిగినదాంట్లో తేడా ఎంతో చెవికి తెలుస్తుంది. తర్వాతి శాస్త్రకారులు మొదటిది ధ్రువవీణ, రెండోది చలవీణ అన్నారు. ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క నా చెవిలో, “మనింట్లో నాన్న ధ్రువవీణ, అమ్మ చలవీణ,” అంది. నవ్వాను. పెద్దయ్యాక ఆ మాట తలుచుకుంటే నవ్వు రాలేదు. అమ్మ ఎన్ని మెట్లు దిగిందో నాన్న పక్కన పెట్టి చూస్తే గానీ మాకు తెలియలేదు.

మా ఇంట్లో శ్రుతి అనే మాటను ఎక్కువగా వాడింది నాయనమ్మ. ఆవిడకు సంగీతం రాదు. మేం పిల్లలం దిండ్లతో కొట్టుకునేవాళ్లం. మొదట నవ్వులు, తర్వాత కేకలు, తర్వాత గిల్లుళ్లు. వంటింట్లోంచి చూడకుండానే, “శ్రుతి మించుతోందర్రా, ఇక రాగాన పడుతుంది,” అనేది. అన్న నిమిషంలో చెల్లి రాగం అందుకునేది. చాలాకాలం ‘శ్రుతి మించి రాగాన పడటం’ అంటే అచ్చంగా ఇదేననుకున్నాను. ఏడుపును రాగం తియ్యడం అంటాం కదా, అదే ఈ రాగం. వేళాకోళం హద్దు దాటితే ఎవరో ఒకరు ఏడుస్తారు. పండితులు ఏమంటారో గానీ, నాకిప్పటికీ మా నాయనమ్మ అర్థమే నచ్చుతుంది.

అమ్మ మాత్రం ‘శ్రుతి మించి పాకాన పడింది’ అనేది. డెస్కులో కూడా సగంమంది పాకం, సగంమంది రాగం. ఒక రాత్రి దీనిమీద పేజీలు ఆపుకుని మరీ వాదించుకున్నాం. ‘వ్యవహారం పాకాన పడింది’ అని విడిగా ఒక మాట ఉంది, బెల్లం పాకానికి వచ్చినట్టు పని ఒక కొలిక్కి వచ్చిందని. రెండు మాటలూ ఎక్కడో గుద్దుకుని కలిసిపోయినట్టున్నాయి. శ్రుతి పక్కన రాగమే ఉండాలని నేనూ, జనం ఏది వాడితే అదే తెలుగని ఇంకొకాయనా. ఆ వాదనా చివరికి శ్రుతి మించింది. ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఇంకో సంగతి గమనించాను. మాటల్లో శ్రుతి ఎప్పుడూ మించుతుంది. ఆగడాలు శ్రుతి మించాయి, విమర్శలు శ్రుతి మించాయి, చనువు శ్రుతి మించింది. ‘తగ్గింది’ అని ఎవరూ అనరు. క్లాసులో మాస్టారు అరిచేది మాత్రం ఎక్కువగా తగ్గినందుకే. ఊపిరి చాలక, శ్రద్ధ చాలక, నిద్రమత్తులో, పిల్లలు దిగిపోతుంటారు. ఎక్కేవాడు వందలో ఒకడు, వాడు హుషారు మీద ఎక్కుతాడు. నేనైతే ఇళ్లల్లో కూడా తగ్గడమే చూశాను. వారానికోసారి చేసే ఫోను నెలకోసారి అవుతుంది, తర్వాత పండక్కి. దానికి మన దగ్గర జాతీయం లేదు.

అలాగే ‘శ్రుతి కలిపారు’ అనేదాన్ని రాజకీయాల పేజీలో నలిపేశాం. ఒక నాయకుడు అన్నదాన్నే ఇంకొకాయన అంటే ‘శ్రుతి కలిపిన ఫలానా’. అది శ్రుతి కలపడం కాదు, వంత పాడటం. బుర్రకథలో పక్కనుండేవాళ్లను వంతలంటారు, కథకుడు అన్నదాన్ని అందుకోవడం వాళ్ల పని. అదీ విద్యే, తక్కువేం కాదు. కానీ శ్రుతి కలిపినవాడు తన పాట తను పాడుకోవచ్చు, ‘స’ ఒక్కటే ఉమ్మడి.

ఇక అపశ్రుతి దగ్గరికి వస్తాను.

ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్లకు, తొంభైల్లో, సెలవు మీద ఊరెళ్లి మాస్టారింటికి పోయాను. చంకలో మా పేపరు. ముందురోజు రాత్రి పేజీ నాదే. ఆయనకు చూపించాలన్న సరదా. సంగీతం మాట వాడాను, చూస్తే సంతోషిస్తారనుకున్నాను కూడా. ‘ఉత్సవంలో అపశ్రుతి’. పందిరి కూలి ఇద్దరు పోయారు, పదిమందికి దెబ్బలు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని వార్తంతా చదివారు. పేపరు మడిచారు.

“ఇద్దరు పోయారా?”

“అవును మాస్టారూ.”

“మరి అపశ్రుతి అంటావేంట్రా?”

“అంటే... అందరూ అలాగే రాస్తారు మాస్టారూ. మంచి జరుగుతుంటే మధ్యలో చెడు...”

“అపశ్రుతి అంటే బిరడ తిప్పితే పోయేది. నువ్వు తిప్పలేదూ రెండేళ్లు? తీగ దిగుతుంది, ఎక్కిస్తాం. పాడేవాడు దిగుతాడు, ‘విను’ అంటాం, సర్దుకుంటాడు. రేపు మళ్లీ దిగుతుంది, మళ్లీ ఎక్కిస్తాం. మనం బతికేదే దాంతో. ఈ ఇద్దరికీ ఏ బిరడ తిప్పుతావు?”

నేను మాట్లాడలేదు. మాస్టారమ్మగారు మజ్జిగ తెచ్చారు. ఆయన వేరే కబుర్లలో పడ్డారు. నాకు మాత్రం వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో అదే మాట చెవుల్లో.

తర్వాతిసారి అలాంటి వార్త వచ్చినప్పుడు ‘తిరునాళ్లలో పందిరి కూలి ఇద్దరి మృతి’ అని పెట్టాను. ఇన్‌ఛార్జి చూసి, “ఇది రెండు లైన్లు. అపశ్రుతి వెయ్యి, సరిపోతుంది,” అన్నాడు. మాస్టారు చెప్పింది చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “నువ్వన్నది నిజమే. కానీ పాఠకుడికి అపశ్రుతి అనగానే రెండు సంగతులు ఒకేసారి తెలుస్తాయి. అక్కడ పండగ ఉంది, ఆ పండగ చెడింది. నీ హెడ్డింగులో చావు ఉంది గానీ చెడిన పండగ లేదు,” అన్నాడు. అదీ నిజమే. చుట్టూ అంతా సరిగ్గా మోగుతున్నప్పుడే గదా ఒక్క తప్పు స్వరం చెవికి గుచ్చుకునేది. ఆ మాటను మొదట ఈ పనికి వాడినవాడెవడో, చెవి ఉన్నవాడే. మేం దాన్ని అరగదీశాం, అంతే.

చివరికి నాకు నేనే ఒక హద్దు గీసుకున్నాను. మనిషి పోయిన వార్తకు ఆ మాట పెట్టను. సన్మాన సభలో మైకు మొరాయిస్తే అపశ్రుతి. ముఖ్య అతిథి మెడలో వెయ్యబోయిన దండ తెగితే అపశ్రుతి. పెళ్లిలో సన్నాయి వాళ్లు, బ్యాండు వాళ్లు ఒకేసారి అందుకుంటే అది అచ్చమైన అపశ్రుతి. నా వారాంతపు సెలవు రోజున ఆ మాట మళ్లీ చావుల మీదికి వచ్చి కూర్చునేది. మర్నాడు పేపరు చూసి పళ్లు కొరుక్కునేవాణ్ణి. నేను గీసిన హద్దు సంగతి మాస్టారికి చెప్పలేదు. చెప్తే ‘దండ తెగితే కట్టుకోవచ్చు, అది సరే’ అనేవారేమో.

ఆయన్ని చివరిసారి చూసింది నేను రిటైరైన కొత్తలో. తొంభైకి దగ్గరపడ్డారు. మనిషి సన్నబడ్డారు, మాట గట్టిగానే ఉంది, చెవులు మాత్రం పోయాయి. చెవి మిషను పెట్టారు. అది ఉండుండి కుయ్యిమని కూస్తోంది. నేను కంగారుగా చూస్తే, “ఆరున్నర శ్రుతిరా. ఎప్పుడు విన్నా అదే, దిగదు,” అని నవ్వారు.

తంబురా ఆ మూలే ఉంది, గవిసెన కట్టి. తియ్యమన్నారు. తీశాను. పంచమం తుప్పు పట్టింది గానీ తెగలేదు. మంద్రం నల్లబడింది. బిరడలు బిగుసుకుపోయి ఉన్నాయి. కొంచెం కొంచెంగా కదిలించి తిప్పాల్సి వచ్చింది. శ్రుతిపెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నా ఫోన్లో ఒక యాప్ ఉంది, అందులో ఒకటిన్నర పెట్టుకున్నాను. ఆ ఫోన్లో తంబురా కూడా మోగుతుంది, ఎప్పుడూ దిగదు, ఎండకూ వానకూ మారదు. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి బిరడేదీ?” అన్నారు.

ముందు సారణి కలిపాను. తర్వాత మంద్రం. పంచమానికి చాలాసేపు పట్టింది, తెగుతుందేమోనని భయపడుతూ కొంచెం కొంచెంగా ఎక్కించాను. చెయ్యి మర్చిపోలేదు గానీ చెవి మందగించింది. అలలు పూర్తిగా ఆగాయో, నాకు అలా అనిపిస్తోందో తెలియడం లేదు. ఒక పోగు తీసి జీవ పట్టాను.

మాస్టారు చెవి మిషను తీసేసి పక్కన పెట్టారు. మంచం మీంచి వంగి, తంబురా దండికి దవడ ఆనించారు. “ఎముక వింటుందిరా,” అన్నారు. కళ్లు మూసుకున్నారు. ఆయన వేళ్లు వాటంతటవే తీగల మీదికి వెళ్లాయి. నాలుగు మీటులు. మళ్లీ నాలుగు. వాళ్ల అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

నాకెందుకో అడగాలనిపించింది. ఆయనకు వినబడేలా చెవి దగ్గరికి వంగి, గట్టిగా అడిగాను.

“గాంధారం వినబడుతోందా మాస్టారూ?”

ఆయన కళ్లు తెరవలేదు. ఇంకోసారి నాలుగు తీగలూ మీటారు. మొహం మీద చిన్న నవ్వు.

“వినబడుతోంది,” అన్నారు.

నేనింకా అనుసారణిని ముట్టుకోనేలేదు. మాట్లాడకుండా దాని బిరడ మీద చెయ్యి వేశాను.